మెడగుడ్డల తొట్టి

ఆరో సెగ్గడ్డ మెడ వెనక, సరిగ్గా జుట్టుముడి కింద లేచింది. మొదటిది చంకలో వచ్చింది. రెండోది తొడమీద. మూడూ నాలుగూ కవలపిల్లల్లా ఒకేసారి నడుం దగ్గర పుట్టి, పోటీపడి పెరిగి, ఒక్కరోజు తేడాతో పగిలాయి. ఐదోది మళ్లీ చంకలోకే వచ్చింది, ఖాళీ చేసిన అద్దెయింటికి తిరిగొచ్చినవాడిలా. ఏడు నెలల్లో ఆరు. ముందు కందిన పొక్కులా కనపడేది. రెండో రోజుకి గట్టి గోళీ అయ్యేది. నాలుగో రోజుకి లోపల ఎవరో కూర్చుని రోకలితో దంచుతున్నట్టు సలిపేది. ఆపైన పండి, పగిలి, చీమూ నెత్తురూ కారి, మచ్చ మిగిల్చి పోయేది. పీడ వదిలిందనుకుని చెయ్యెత్తి తల దువ్వుకునేలోగా ఇంకోచోట కందేది.

ఆవిడని అందరూ లాయరక్క అనేవారు. కోర్టుని ఆవిడ చూసింది ఒక్కసారే, అదీ బయటి మెట్లమీద నిలబడి, ఉతికిన నల్లకోట్ల మూట అప్పగించడానికి వెళ్లినప్పుడు. చేసే పని లాండ్రీలో, రోలరు మెషిను దగ్గర. హోటళ్లవీ ఆస్పత్రులవీ దుప్పట్లు తడితడిగా వస్తాయి. ఇద్దరు చెరో అంచూ లాగిపట్టి వేడి రోలర్ల మధ్యకి అందిస్తే, అవతలి పక్క పొడిగా, ముడత లేకుండా దిగుతాయి. అంచు పట్టడంలోనే ఉంది పనితనమంతా. వేలెడు వంకరపోతే దుప్పటి మొత్తం నలుగుతుంది, వేలు ముందుకి పోతే వేలు పోతుంది. పదకొండేళ్లకి ఆవిడ చెయ్యి ఎంత తిరిగిందంటే, దుప్పటి తనంతట తానే సర్దుకుని రోలరులోకి నడిచి వెళ్తున్నట్టుండేది.

నోరూ చెయ్యంత చురుకే. ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం వేయించింది ఆవిడే. ఇస్త్రీ గదిలో రెండో ఫ్యాను తిరిగేలా చేసింది ఆవిడే. అన్నిటికంటే పెద్ద గెలుపు, ఎనిమిది నెలల కిందట గెలిచిన మెడగుడ్డల కేసు.

రోలరు ముందు నిలబడితే చెమట కారుతుంది. చుక్క పడితే దుప్పటి మీద మరక. అందుకని అందరూ మెడచుట్టూ గుడ్డ, నడుముకి ఏప్రాను కట్టుకోవాలని రూలు. మొదట్లో ఎవరివి వాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కునేవాళ్లు. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోకం గుడ్డలన్నీ ఉతికి, ఇంటికెళ్లి మళ్లీ లాండ్రీ గుడ్డలే ఉతకాలా సార్? ఇదేం న్యాయం?" అని లాయరక్క మేనేజరు వెంటపడింది. నాలుగు రోజులు విని, ఐదో రోజు మేనేజరు దిగొచ్చాడు. వెనక వరండాలో సిమెంటు తొట్టి కట్టించాడు. ఆఖరి మెషిను వదిలే సబ్బునీళ్లు కాలవలోకి పోకుండా తొట్టిలోకి వచ్చేలా పైపు పెట్టించాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఇరవై రెండుమంది మెడగుడ్డలూ ఏప్రాన్లూ ఆ నీళ్లలో నాని, కర్రతో నాలుగు తిప్పులు తిరిగి, బాయిలరు గది బయట తీగమీద ఆరేవి. పొద్దున ఎవరి చేతికి ఏది తగిలితే అది. తొట్టి వచ్చిన రోజు అందరూ కలిసి లాయరక్కకి టీ తాగించారు.

"వేడి చేసింది నీకు," అంది అత్త, ఆరో గడ్డని దీపం వెలుగులో పరకాయించి చూసి.

ఆవిడ లెక్కలో మనిషికొచ్చే రోగాలు రెండే. ఒకటి వేడి చేయడం, రెండోది చలవ చేయడం.

"పదకొండేళ్లుగా ఆ రోలరు ముందే నిలబడుతున్నా అత్తయ్యా. ఈ వేడికి నేను ఇప్పుడే గుర్తొచ్చానా?"

"నోటి వేడి కూడా తోడైంది. కాస్త తల వంచు, కాపడం పెడతా."

"కాపడం పెట్టు. బొటనవేళ్లు మాత్రం దూరంగా పెట్టు."

ఐదో గడ్డని అత్త పండకముందే రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి పిండింది. పిండిన రాత్రి జ్వరం, తెల్లారేసరికి చంకంతా వాపు. అప్పటినుంచి అత్త వైద్యానికి లాయరక్క హద్దులు గీసింది. కారం మానింది, పులుపు మానింది, ఆకు నూరి కట్టిన పట్టీలతో పరుపు పచ్చగా చేసుకుంది. గడ్డలు మాత్రం మానలేదు.

ఆవిడ భర్త లారీలు బాగుచేస్తాడు. మాట పొదుపు. ఆ రోజు అన్నం తింటూ, "ఒకే బోల్టు ఆరుసార్లు ఊడితే నేను బోల్టుని తిట్టను. బండిలో ఇంకెక్కడ కుదుపుందో వెతుకుతా," అన్నాడు. అని, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

గురువారం మేనేజరు గదిలోకి పిలిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఫోను మోగితే ఎత్తడానికి ముందే "సారీ సార్" అనేసే రకం. ముందురోజు ఆస్పత్రి తరఫున దుప్పట్లు చూసుకోవడానికి వచ్చినావిడ లాయరక్క మెడ కూడా చూసి వెళ్లింది. ఆవిడ ఏమందో గాని, మేనేజరు బల్లమీద ఒక కాగితం టైపై సిద్ధంగా ఉంది.

"ఏముంది సార్ ఇందులో?"

"ఏం లేదమ్మా, మామూలుదే. కింద సంతకం పెట్టు."

"చదవకుండా పెట్టేదాన్నయితే నన్ను లాయరని ఎందుకంటారు?"

నిలబడే చదివింది. *వ్యక్తిగత పరిశుభ్రత పాటించనందువల్ల నాకు చర్మవ్యాధి సోకినది. దానిని ఇంటి నుండి పనిస్థలమునకు తెచ్చినందుకు చింతిస్తున్నాను. నేటి నుండి రోలరు విభాగము వదిలి, మురికిబట్టలు వేరుచేయు విభాగములో పనిచేయుటకు అంగీకరిస్తున్నాను.*

మొదటి రెండు మాటల దగ్గరే చూపు ఆగిపోయింది. రోలరు పోవడం ఒక ఎత్తు. తన చేత్తో తాను మురికిదాన్నని రాసివ్వడం ఇంకో ఎత్తు.

"రోజుకి రెండుసార్లు స్నానం చేస్తాను సార్. మా ఇంట్లో నేల మీద పడ్డ మెతుకు ఏరుకుని తినొచ్చు. నాకు పరిశుభ్రత లేదని మీకెవరు చెప్పారు?"

"నేననట్లేదమ్మా. గడ్డలంటే మరి అంతేగా. నీకొక్కదానికే ఎందుకొస్తున్నాయి? ఆస్పత్రివాళ్లు చేజారితే ఇరవై రెండుమందికీ పనుండదు. సోమవారం సంతకంతో రా. లేకపోతే రావద్దు."

కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని బయటికొచ్చింది. వచ్చేటప్పుడు తలుపు వేయలేదు, తియ్యలేదు. సగంలో వదిలేసింది.

శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లింది. బయట బల్లమీద రెండు గంటలు, లోపల పావుగంట. డాక్టరమ్మ గడ్డ చుట్టూ మత్తుసూది వేసి, కోసి, చీము తీసి, అందులోంచి కాస్త పుల్లకి అద్ది పరీక్షకి పంపించింది. కట్టు కడుతూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నీ తువ్వాలు ఇంకెవరైనా వాడతారా?"

"మా ఇంట్లో ఎవరిది వాళ్లదే."

"పని దగ్గర?"

"పని దగ్గర తువ్వాలుండదు డాక్టరుగారూ, మెడగుడ్డ ఉంటుంది. మాకు ఏ రోజుది ఆ రోజే ఉతుకుతారు, లాండ్రీ కదా," అంది కాస్త గర్వంగానే.

"ఎలా ఉతుకుతారు?"

చెప్పింది. తొట్టి, ఆఖరి మెషిను సబ్బునీళ్లు, కర్ర, తీగ. చెబుతూ చెబుతూ తన గొంతు తనకే కొత్తగా వినపడటం మొదలైంది. డాక్టరమ్మ కట్టు కట్టడం ఆపి వింటోంది.

"తొట్టిలోకి వచ్చేసరికి ఆ నీళ్లు ఎంత వేడి?"

"గోరువెచ్చ."

"హోటలు దుప్పట్లు ఏ నీళ్లలో ఉతుకుతారు?"

"చెయ్యి పెడితే ఊడిపోతుంది."

"మరి మీవి?"

"మావి... మిగిలిన నీళ్లలో," అంది లాయరక్క నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ.

"ఈ గడ్డలు తెప్పించే క్రిమి చాలామంది ముక్కులో ఊరికే కాపురం ఉంటుంది," అంది డాక్టరమ్మ. "ఏ హానీ చెయ్యదు. చర్మం మీద చిన్న గీత దొరికిందా, లోపలికి దిగుతుంది. మెడ దగ్గర, నడుం దగ్గర, గుడ్డ ఒరిసేచోట దొరుకుతుంది గీత. ఇరవై రెండుమంది గుడ్డలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, తెల్లారి మార్చుకుని కట్టుకుంటే దాన్ని పేరు పెట్టి పిలిచినట్టే. మీలో ఇంకెవరికీ రాలేదా?"

"ఎవరూ చెప్పలేదు."

"చెప్పకపోవడం వేరు, రాకపోవడం వేరు."

మందులు రాసింది. మింగేవి లాయరక్కకి, ముక్కులో రాసే ఆయింటుమెంటు ఇంట్లో అందరికీ, ఒకేసారి, ఐదు రోజులు. తువ్వాళ్లూ దుప్పట్లూ బాగా కాగిన నీళ్లలో ఉతకాలి. గడ్డని ఎవరూ పిండకూడదు.

"డాక్టరుగారూ, నేను శుభ్రంగా లేనందువల్ల రాలేదని రాసివ్వండి."

"నేను అలా రాయకూడదమ్మా. గడ్డ మూసి, కట్టు పొడిగా ఉన్నంతవరకు పని చేసుకోవచ్చని రాస్తాను. మిగతాది చెప్పడానికి నీకు నోరుందిగా."

బస్సు ఎక్కకుండా నడిచి ఇంటికి బయల్దేరింది. మెడ దగ్గర మందుకి మొద్దుబారి ఉంది గాని, లోపల ఇంకేదో సలుపుతోంది. మొదటి గడ్డ వచ్చి ఏడు నెలలు. తొట్టి వచ్చి ఎనిమిది. తొట్టి అడిగింది ఎవరు? మేనేజరు వద్దు మొర్రో అంటే నాలుగు రోజులు వెంటపడి సాధించింది ఎవరు? పూర్వం ఎవరి గుడ్డ వాళ్ల ఇంట్లో, వాళ్ల కుండలో ఉడికేది. తాను కేసు గెలిచి అందర్నీ ఒకే తొట్టిలో ముంచింది. లోకానికి బట్టలుతికేవాళ్లం, మాకు తెలియని ఉతుకుడా అనుకుంది. సబ్బునీళ్లంటేనే శుభ్రం అనుకుంది. ఇరవై రెండుమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే, అందరూ తనలాగే అనుకున్నారు.

సందు మలుపు దగ్గర ఆగింది. తొట్టి సంగతి ఎత్తకుండా కూడా బతకొచ్చు. డాక్టరు చీటీ చూపించి, ఆ రెండు మాటలు కొట్టేయించి, తన గుడ్డ తాను ఇంటికి తెచ్చుకుని ఉడకబెట్టుకుంటే సరి. లాయరక్క పేరు లాయరక్కకే ఉంటుంది. మిగతావాళ్ల గడ్డలు వాళ్లకుంటాయి. అక్కడే నిలబడి తనని తానే ఒక బూతుమాట తిట్టుకుని ఇంట్లోకి నడిచింది.

"డెబ్బై ఏళ్ల ముక్కులో మందేమిటే?" అంది అత్త ఆయింటుమెంటు గొట్టం చూసి. "నా ముక్కు నీకేం ద్రోహం చేసింది?"

"తెలీకుండా చేసి ఉంటుంది. ఎత్తు మొహం."

భర్త అడక్కుండానే ముక్కు ఎత్తి నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నం అన్నాల వేళ, బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్లందరూ ఉన్నప్పుడు లాయరక్క తలుపు గడియ పెట్టింది.

"ఇంకా ఎవరెవరికి లేచాయి గడ్డలు? చెప్పండి."

ఒకరు గోడవైపు తిరిగారు. ఒకరికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"మాకేం లేవమ్మా," అంది మడతల వదిన. రోలరు అవతల నిలబడి దిగిన దుప్పట్లు మడిచేది ఆవిడే. "నీకొచ్చాయని ఊరందరికీ అంటగట్టకు."

మడతల వదిన నెలరోజులుగా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోంది. అడిగితే నడుం పట్టేసిందని చెబుతోంది.

లాయరక్క పైట పక్కకి జరిపి నడుం చూపించింది. "ఇవి రెండూ కవలలు. చంకలో రెండున్నాయి, అవి చూపించను, మీరన్నం తింటున్నారు. ఇవెక్కడి నుంచి వచ్చాయో నిన్న తెలిసింది. మన తొట్టిలోంచి." డాక్టరు చెప్పినదంతా చెప్పింది. చెప్పాల్సిన ఆఖరి ముక్క ఇంకా మిగిలింది. నీళ్లు తాగింది. "ఆ తొట్టి అడిగి పెట్టించింది నేను. మీరెవరూ అడగలేదు. తప్పు నాది. తిట్టేవాళ్లు ఇప్పుడే తిట్టేయండి, సోమవారం నాకు వేరే పనుంది."

ఒకావిడ నిజంగానే తిట్టింది. తన కూతురికి కూడా లేచాయనీ, పిల్ల మూడు వారాలు బడికి పోలేదనీ, తానేం పాపం చేశానా అని రోజూ ఏడ్చాననీ చెబుతూ తిట్టింది. లాయరక్క తల వంచుకోలేదు, ఎదురు చెప్పలేదు. ఆవిడ ఆగేదాకా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడింది.

"సరేలే," అంది మడతల వదిన చివరికి. "నువ్వు గెలిచిన రోజు టీ అందరం తాగాం. నాకు రెండు. ఎక్కడని మాత్రం అడక్కండి."

"కూర్చునే తీరు చూస్తే తెలుస్తూనే ఉంది," అని ఎవరో అన్నారు. తిట్టినావిడ కూడా నవ్వింది. ఆ నవ్వులో ఒక్కొక్కరూ బయటపడ్డారు. మెడ, మోకాలు, నడుం, చంక. మగవాళ్ల వైపు వెళ్లి అడిగొస్తే అక్కడ నలుగురు. మొత్తం పదమూడుమంది. పదమూడుమందీ తన ఒక్కరి ఒంట్లోనే ఏదో తేడా ఉందనుకుని నోరు మూసుకున్నవాళ్లే. బాయిలరు మావయ్యకి ఒక్కటీ లేదు. ఆయన పని బాయిలరు గదిలో, దుప్పట్లు ముట్టడు, మెడగుడ్డ కట్టడు.

సోమవారం షిఫ్టు మొదలవకముందే లాయరక్క తీగమీది గుడ్డలన్నీ దులిపి మూటగట్టి, ఒకటో నంబరు మెషినులో కుక్కింది. అది హోటలు దుప్పట్ల మెషిను. పొద్దున మొదటి లోడు ఎప్పుడూ హోటలుదే.

"మావయ్యా, స్టీము పూర్తిగా వదులు."

బాయిలరు మావయ్య వాల్వు మీద చెయ్యేసి ఆగాడు. "ఎవరి ఆర్డరు?"

"నాదే."

"నీ ఆర్డరయితే చివాట్లు తినేది నేనేగా."

"తిందాం. నేనూ పక్కనే ఉంటా."

ఆయన పెదవి విరిచి వాల్వు తిప్పాడు. మెషిను తలుపు టక్కుమని బిగుసుకుంది. ఒకసారి మొదలైతే నలభై నిమిషాలు ఆ తలుపు దేవుడొచ్చినా తెరుచుకోదు. అది కంపెనీవాడు పెట్టిన ఏర్పాటు.

పది నిమిషాలకి మేనేజరు వచ్చాడు. గుండ్రటి అద్దంలో మెడగుడ్డలు తిరుగుతున్నాయి. పక్కన తోపుడుబండ్ల నిండా హోటలు దుప్పట్లు ఆగి ఉన్నాయి.

"ఎవరు వేశారు ఇది? ఆపండి."

"ఆగదు సార్," అన్నాడు బాయిలరు మావయ్య మహా విచారంగా. "తలుపు బిగుసుకుంది."

"నేనే వేశాను," అంది లాయరక్క.

"నీకేమైనా మతిపోయిందా? హోటలు లోడు ఆపి మీ మసిగుడ్డలా? సంతకం తెచ్చావా అసలు?"

"తెచ్చా. ముందొకటి చెప్పండి సార్. నాకొక్కదానికే ఎందుకొచ్చాయని అడిగారు. నాకొక్కదానికి కాదు, పదమూడుమందికొచ్చాయి. మీకెందుకు రాలేదో తెలుసా?"

మేనేజరు చుట్టూ చూశాడు. రోలరు దగ్గరి వాళ్లు, మడతల బల్ల దగ్గరి వాళ్లు అందరూ ఎక్కడి పని అక్కడ వదిలి నిలబడి ఉన్నారు. మడతల వదిన ఒక పక్కకి ఒరిగి మరీ నిలబడింది.

"మీ చొక్కాలు రోజూ ఈ మెషినులోనే హోటలు దుప్పట్లతో పాటు తిరుగుతాయి. మరిగే నీళ్లలో. మా గుడ్డలు ఆఖరి మెషిను వదిలిన కడుగునీళ్లలో నానుతాయి. అందరివీ కలిపి. మీ పరిశుభ్రతకీ మా పరిశుభ్రతకీ తేడా అంతే సార్, నీళ్ల వేడి."

"ఆ తొట్టి నువ్వు అడిగితేనేగా పెట్టించాను," అన్నాడు మేనేజరు. ఆయనకి దొరికిన ఒకే ఒక్క ఆధారం అది. కాస్త ధైర్యం కూడా వచ్చింది గొంతులోకి.

"అవును. అది కూడా రాశాను."

కాగితం తీసి ఇచ్చింది. టైపు చేసిన వాక్యాల మీద బాల్‌పెన్ను గీతలు అడ్డంగా దున్నేసి ఉన్నాయి. కింద గుండ్రటి అక్షరాలతో ఆవిడ రాసుకున్నది: *అందరి మెడగుడ్డలూ కలిపి గోరువెచ్చని నీళ్లలో ఉతికినందువల్ల మాకు గడ్డలు వచ్చాయి. తొట్టి అడిగింది నేను. నీళ్లు ఇచ్చింది మేనేజరుగారు. ఇద్దరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇకనుంచి ఎవరి గుడ్డ మీద వాళ్ల నంబరు వేసి మరిగే నీళ్లలో ఉతకాలి. గడ్డ మూసి ఉంటే పని చేసుకోవచ్చని డాక్టరుగారు చీటీ ఇచ్చారు, దీనికి జతచేశాను. రోలరు విభాగములోనే పనిచేయుటకు అంగీకరిస్తున్నాను.* కింద సంతకం. దాని కింద, మేనేజరు సంతకం కోసమని గీసిన ఖాళీ గీత.

ఆయన రెండుసార్లు చదివాడు. "నీ తప్పు నువ్వే రాసుకున్నావు."

"ఉంది కాబట్టి రాసుకున్నా. మీదీ ఉంది కాబట్టి రాశా. చింతిస్తున్నాను అన్న ముక్క మాత్రం తీసేశా. నేను చింతించాల్సింది వీళ్ల దగ్గర, అది శనివారమే అయిపోయింది."

"ఇలాంటిది నేను ఫైల్లో పెట్టలేనమ్మా."

"అయితే మీరు టైపు చేయించిందీ పెట్టకండి సార్. ఆస్పత్రివాళ్లు అడిగితే మా మనుషుల గుడ్డలు కూడా మీ దుప్పట్లతో సమానంగా మరగబెడుతున్నాం అని చెప్పండి. వాళ్లకీ నచ్చుతుంది. మీకూ ఫోనులో సారీ చెప్పే పని తప్పుతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మెషిను అద్దంవైపు తిరిగి, తిరుగుతున్న గుడ్డల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఇంకా ఇరవై ఏడు నిమిషాలుంది. తెరవడానికి లేదు, అరిచి లాభం లేదు.

"రోజూ పొద్దున ఒకటో నంబరంటే కుదరదు," అన్నాడు చివరికి, బాయిలరు మావయ్యతో మాట్లాడుతున్నట్టు. "సాయంత్రం ఆఖర్లో పెట్టుకోండి."

"ఆఖరైనా సరే. స్టీము పూర్తిగా ఉండాలి," అంది లాయరక్క.

"ఉంటుందిలే," అన్నాడు మావయ్య. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మేనేజరు కాగితాన్ని సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆ మెడ మీద కట్టు... బయటివాళ్లు వచ్చినప్పుడైనా కాస్త కనపడకుండా..."

"కనపడనివ్వండి సార్. మూసి ఉంది, పొడిగా ఉంది. దాచుకుంటే దానికి లేనిపోని పేరొస్తుంది."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. రేపు ఏమంటాడో తెలియదు. పరీక్షకి పంపిన పుల్ల ఏం చెబుతుందో, ఏడోది వస్తుందో రాదో, అదీ తెలియదు. వస్తే దానికీ కట్టు కడుతుంది.

మెషిను తలుపు తెరుచుకోగానే ఆవిరి మొహాలకి కొట్టింది. ఆరబెట్టే మెషినులోంచి వచ్చిన గుడ్డలమీద, హోటలు దుప్పట్లకి నంబర్లు వేసే సిరాతోనే మడతల వదిన ఒకటి నుంచి ఇరవై రెండు దాకా వేసింది. లాయరక్క తన నంబరు గుడ్డ తీసుకుని, జుట్టు ఎత్తి పైకి ముడేసుకుని, కట్టు ఒరుసుకోకుండా మెడకి వదులుగా చుట్టుకుంది. రోలరు ముందు తన చోట నిలబడింది.

"ఏమే, ఆ కొస గట్టిగా లాగు," అంది ఎదుటి అంచు పట్టినావిడతో. మొదటి దుప్పటి సాఫీగా లోపలికి వెళ్లింది.